పసుపు కింద అక్షరాలు

కురవిలో మోటార్లు చుట్టే హీరాలాల్‌కు కరెంటంటే భయం లేదు. తడి చేత్తోనే ఫ్యూజు పీకేవాడు. "చస్తవురా" అని జనం కేకలేస్తే పళ్ళికిలించేవాడు. అంతటి మనిషి, ఎవరైనా ఒక కాగితం తెచ్చి ముందు పెడితే మాత్రం చెమటలు పట్టి, కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయానని అబద్ధమాడేవాడు. ఆయనకు కళ్ళజోడే లేదు.

ఊరికి మైలు దూరాన ఉన్న తండా ఆయనది. తండాలో మాట్లాడే లంబాడీ భాషకు సొంత లిపి లేదు. బడికి వెళ్ళిన మొదటి వారంలోనే పంతులు అమ్మ బొమ్మ చూపించి ఇదేమిటని అడిగితే "యాడి" అన్నాడు. ఇంట్లో అమ్మను అలాగే అంటారు మరి, పసివాడు ఇంకేమంటాడు? బెత్తం అరచేతి మీద వాతలు తేల్చింది. ఆ తర్వాత ఏడో తరగతి దాకా చదివాడు, తెలుగు బాగానే చదువుతాడు. అయినా నలభై నాలుగేళ్ళొచ్చాక కూడా అక్షరం కనబడితే ముందు ఆయన అరచెయ్యి ముడుచుకునేది.

ఇంకో భయం కూడా ఉంది. తలుపు మూసిన గదిలో ఆయన నిద్రపోలేడు. చలికాలమైనా సరే, జానెడు సందు తెరిచి ఉంచాల్సిందే. "కుక్కలు జొరబడ్డా మంచిదే గని ఈయినకు గాలి గావాలె" అని భార్య సాలమ్మ దెప్పేది గానీ తలుపు మాత్రం మూసేది కాదు. ఆమెకు సంగతి తెలుసు. అది ఆయన తండ్రి జాల్యా చనిపోయిన సంగతి.

ఇరవై మూడేళ్ళ కిందటి ఎండాకాలం అది. తండా వెనక బావిలో నీళ్ళు అడుగంటితే, అందరిలాగే జాల్యా కూడా ఇంజన్‌ను మోకులతో బావి లోపలి గట్టు మీదికి దింపాడు. పైనుంచి అంత లోతు నీళ్ళు అందవు. పొద్దున్నే ఆయన దిగి ఇంజన్ నడిపాడు. కాసేపటికి అది ఆగిపోయింది. పైనుంచి ఎంత పిలిచినా ఆయన పలకలేదు. ఇరవై ఒక్కేళ్ళ హీరాలాల్ నడుముకు తాడు కట్టుకుని దిగబోతే తల్లి సుక్కి కాళ్ళు రెండూ పట్టుకుని కూర్చుంది. మధ్యాహ్నానికి శవాన్ని పైకి లాగారు. ఒంటి మీద గాయం లేదు. ముఖం ఎర్రగా, జాతరలో కల్లు తాగి నిద్రపోయినవాడిలా ఉంది.

గాయం లేని చావుకు జనం కారణం వెతక్కుండా ఊరుకుంటారా? బావి దేవత తీసుకుపోయిందన్నారు. ఎందుకు తీసుకుపోయిందంటే, ఆ పొద్దున సుక్కి మగనికి జొన్నరొట్టె పట్టుకుని బావి గడ్డ దాకా వచ్చింది. ఆమె ముట్టయి అప్పటికి రెండో రోజు. ఇంకేం, దొరికింది కారణం. మేకను కోసి దేవతను శాంతింపజేశారు. సుక్కిని మాత్రం ఎవరూ ఏమీ అనలేదు. అననక్కర్లేదు, ఆమే నమ్మేసింది. ఆనాటి నుంచి ఏ బావి దరిదాపులకూ పోలేదు. నీళ్ళు ఎవరైనా తెచ్చిపోస్తే తాగేది, లేకపోతే నోరెండబెట్టుకుని కూర్చునేది.

ఇదంతా ఎందుకు చెప్పాల్సి వచ్చిందంటే, 2011లో తెలంగాణ కోసం సకల జనుల సమ్మె వచ్చింది. బస్సులు ఆగాయి, ఆఫీసులకు తాళాలు పడ్డాయి, బొగ్గు బయటికి రావడం ఆగింది. కరెంటు రోజుకు నాలుగు గంటలుంటే గొప్ప. రోడ్డు పక్కన దీక్షా శిబిరం వేశారు. రోజుకొక ఊరి వాళ్ళు పూలదండలు వేసుకుని, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఏమీ తినకుండా కూర్చోవాలి. శిబిరానికి పెద్ద భూపాల్ పటేల్. భూములున్నవాడు, గొంతున్నవాడు, ఆ గొంతుకు మైకు లేకపోతే ప్రాణం పోయినంత పని అయ్యేవాడు. అందుకని ఎవరో చుట్టం ద్వారా రేవు పట్టణం నుంచి ఒక పాత జపాన్ జనరేటర్ తెప్పించాడు. పెట్రోలుతో నడిచేది, నలుగురు పడితే లేచేది.

"హీరా, గిది జపాన్‌దిరా. తాడు గుంజితె చాలు, ఉరుకుతది. ఇగ దీని బాధ్యత నీది" అన్నాడు భూపాల్.

హీరాలాల్ వంగి చూశాడు. మీటల దగ్గర, పెట్రోలు మూత దగ్గర, దానితో వచ్చిన చిన్న పుస్తకం నిండా, ఎన్నడూ చూడని రాత. అరచెయ్యి ముడుచుకుంది.

"పటేలా, ఏ మీట దేనికో సదవకుంట ముట్టుకునుడెట్ల?"

"జపానోల్ల రాత నువ్వు సదువుతవారా? నీకు ఇంగ్లీషే రాకపాయె!" అని భూపాల్ నవ్వితే చుట్టూ ఉన్నవాళ్ళు కూడా నవ్వారు.

నవ్వులపాలైనందుకు కాదు, భయానికే ఆ రాత నేర్చుకోవాలనుకున్నాడు హీరాలాల్. తనకు తెలియని అక్షరాలు ఒంటి నిండా ఉన్న యంత్రం పక్కన నిలబడటమే ఆయనకు కష్టమైంది. కూతురు భాగ్య మహబూబాబాద్‌లో డిగ్రీ చదువుతోంది, కాలేజీ మూతపడి ఇంట్లోనే ఉంది. ఆ అమ్మాయి షేర్ ఆటోలో వెళ్ళి నెట్ సెంటర్‌లో మూడు కాగితాలు అచ్చు తీయించుకొచ్చింది. కరెంటు లేని దుకాణంలో ఎలాగూ పనిలేదు. మధ్యాహ్నాలు తండ్రీకూతుళ్ళు రాగితీగ చుట్టల మధ్య కూర్చుని అక్షరాలు దిద్దారు.

"బా, మొదలు గిది సూడు. అ, ఇ, ఉ, ఎ, ఒ" అని చదివింది భాగ్య. తండాలో తండ్రిని బా అంటారు.

"గివి మనయే గద!"

"అవ్. ఎనుక క, స, త, న, హ, మ. వరస గూడ మన లెక్కనే ఉంది."

హీరాలాల్‌కు కొంచెం ఊపిరాడింది. మొదటి కాగితం పేరు హిరగాన. మన తెలుగులాగే మెలికలు తిరిగిన అక్షరాలు. ఒక్కొక్కటి ఒక్కొక్క శబ్దం. రెండో కాగితం తీసేసరికి మళ్ళీ అవే శబ్దాలు, బొమ్మలు మాత్రం వేరు. అగ్గిపుల్లలు విరిచి పడేసినట్టున్నాయి. దాని పేరు కతకాన. అక్షరం భుజం మీద రెండు చిన్న గీతలు పెడితే క కాస్తా గ అవుతుందని అడుగున ఉంది.

"ఒక్క 'అ'కు రెండు బొమ్మలెందుకే? ఒకటి అరిగిపోతె ఇంకోటా?" అని చిరాకుపడ్డాడు.

"నువ్వెట్ల మాట్లాడుతవో సూడు బా. 'యాడిని దవాఖానకు తోల్కపోయి ఇంజక్షన్ ఇప్పిచ్చిన' అంటవు. యాడి మన మాట. దవాఖాన ఉర్దూది. ఇంజక్షన్ ఇంగ్లీషుది. వాళ్ళు బయటి నుంచి వచ్చిన మాటకు బయటి అంగీ తొడుగుతరు, గదే కతకాన. ఇంట్ల మాటలకు, మాటల ఎనుక తోకలకు హిరగాన."

ఆ మాట ఆయనకు నచ్చింది. బెత్తం లేకుండా చెప్పిన మొదటి పాఠం అదే కావచ్చు. పైగా యంత్రాల పుస్తకంలో బయటి మాటలకు కరువా? ఒక్కొక్క అగ్గిపుల్లల అక్షరాన్నీ కాగితంలో వెతికి, కూడబలుక్కుంటే "ఎన్-జి-న్" వచ్చింది. ఇంకోచోట "సు-యి-చ్చి". హీరాలాల్ పగలబడి నవ్వాడు. "స్విచ్చిని మా యాడి గూడ గిట్లనే అంటది!"

నవ్వు మూడో కాగితం దగ్గర ఆగిపోయింది. అది కంజి. వాటికి శబ్దం కన్నా ముందు అర్థం. ఒక్కొక్క బొమ్మ ఒక్కొక్క మాట. మనిషి, కొండ, ఏరు, నిప్పు అని పది బొమ్మలు మాత్రం ఆ కాగితం మీద ఉన్నాయి.

"మొత్తం ఎన్నున్నయ్?"

"రెండువేలు వస్తె పేపరు సదవొచ్చట బా."

కాగితాన్ని బోర్లా పెట్టేశాడు. ఏ వాక్యం చూసినా అసలు సంగతి ఆ కంజిలోనే ఉంది. అవి నోరు విప్పవు. చుట్టూ ఉన్న హిరగాన, కతకాన మాత్రం తమకు తెలిసిన ముక్క చెప్పి ఊరుకుంటాయి. కంజిలో ఆయనకు పట్టుబడింది ఒక్కటే, రెండు కాళ్ళు చాపి నిలబడ్డ 人. మనిషి అని అర్థం. ఇంకొకటి కూడా కంఠతా వచ్చింది. పుస్తకంలో ఎర్ర గీత కొట్టిన బొమ్మ ఎక్కడున్నా దాని కింద వాక్యం చివర ఒకే హిరగాన తోక ఉంది, "నైదే కుదసాయ్". అంటే 'చెయ్యకండి' అని. వద్దన్న మాటను హీరాలాల్ ఎన్నడూ తేలిగ్గా తీసుకోలేదు.

దసరా వచ్చింది. పనిముట్లను పూజించే పండుగ. హీరాలాల్ జనరేటర్‌ను కడిగి తుడిచాడు. దాని ఛాతీ మీద పసుపు అంచుతో ఎర్రటి చీటీ ఒకటి అంటించి ఉంది, పైన రెండు పెద్ద కంజి, కింద సన్నని రాత. "కంపెనీ పేరై ఉంటది బా" అంది భాగ్య. దేవుడి పేరు కూడా కావచ్చని హీరాలాల్ మనసులో అనుకున్నాడు. కుట్టుమిషన్ దగ్గర నుంచి ట్రాక్టరు దాకా ప్రతి యంత్రానికీ మన దగ్గర ఒక ముఖం ఉంటుంది, పసుపు ఆ ముఖానికే పూస్తారు. దీనికి ముఖం ఆ ఎర్ర చీటీయేనని ఆయనకు తోచింది. దాని మీదే మందంగా పసుపు మెత్తి, మూడు కుంకుమ బొట్లు పెట్టి, దండం పెట్టుకున్నాడు.

తర్వాతి వారం తండా ఆడవాళ్ళ వంతు వచ్చింది. సాలమ్మ, భాగ్య, పక్కింటి యాదమ్మ, ఇంకా ఎనిమిది మంది దండలు వేసుకుని కూర్చున్నారు. పదిగంటలకల్లా వాన దంచికొట్టి టెంటు కూలింది. అందరినీ పక్కనున్న ఖాళీ ఎరువుల గోదాములోకి మార్చారు. దానికి ఒకే షట్టరు, గోడకు ఒక చిన్న కిటికీ. కిటికీలో జల్లు కొడుతోందని గోనెసంచులు కుక్కారు.

"మిషిని తడిస్తె కాలిపోతది. లోపటికి గుంజుండ్రి" అన్నాడు భూపాల్. నలుగురితో పాటు హీరాలాల్ కూడా చెయ్యివేసి దాన్ని మూలకు చేర్చాడు, తాడు లాగి నడిపాడు. షట్టరును మోకాలెత్తు దాకా దించేశారు. అంత మూతపడ్డ చోట ఆయన ఉండలేక రోడ్డవతలి తన దుకాణానికి వెళ్ళిపోయాడు.

గంటన్నర తర్వాత పెట్రోలు పోయడానికి షట్టరు కింద నుంచి దూరి లోపలికి వచ్చాడు. షట్టరును ఆనుకుని నిలబడి భూపాల్ మైకులో ఉపన్యసిస్తున్నాడు. అటుపక్క ఆడవాళ్ళంతా గోడకు జారగిలపడి ఉన్నారు. యాదమ్మ పక్కకు తిరిగి పసరు కక్కుతోంది.

"ఏమైంది?" అని సాలమ్మను అడిగాడు.

"ఉపాసం గద. తల పలుగుతాంది అందరికి" అంది ఆమె, కళ్ళు పూర్తిగా తెరవకుండానే.

అందులో వింతేముంది అనుకున్నాడు. పొద్దుటి నుంచి తిండి లేదు, తల నొప్పి పుట్టదా? మూలకు వెళ్ళాడు. పైకప్పు రేకు సందులోంచి కారిన వాన సరిగ్గా జనరేటర్ ముఖం మీద పడుతోంది. పసుపు కరిగి నేలంతా కారింది. పూజ చేసిన ముఖం ఇలా అయిందే అని జాలిపడి అరచేత్తో తుడిచాడు. ఎర్ర చీటీ తేటగా బయటపడింది. కింద సన్నని రాత రెండు వరుసలు.

మొదటి వరుసలో ఒక కంజి దగ్గర కళ్ళు ఆగాయి. 内. మూడు వైపులా గోడలు, లోపల తనకు తెలిసిన మనిషి. గదిలో మనిషి. వరుస చివర, నైదే కుదసాయ్. చెయ్యకండి. రెండో వరుసలో కంజి మధ్య రెండు అగ్గిపుల్లల అక్షరాలు. ガス. మొదటిది క, దాని భుజం మీద రెండు చిన్న గీతలు. అంటే గ. రెండోది సు.

గా-సు.

గది, మనిషి, వద్దు, గ్యాసు. మధ్యలో ఉన్న మిగతా కంజి ఏమంటున్నాయో? చదివింది సరైనదేనా? భుజం మీద ఉన్నవి గీతలేనా, మరకలా? పరుగున భాగ్య దగ్గరికి వెళ్ళి భుజం కుదిపాడు.

"భాగ్యా, ఆ చీటీ మీద ఏముందో జర సూడు బిడ్డా."

"నిద్రొస్తాంది బా" అని ముద్దగా అని, తల్లి ఒడిలో తల పెట్టేసింది.

అప్పుడైనా యంత్రాన్ని ఆపాలి. ఆపలేదు. చెప్పుకోవడానికి సిగ్గుపడే పనే అయినా అదే చేశాడు. బయటికి దూరి, వానలో రోడ్డు దాటి, కాగితం చూసుకోవడానికి దుకాణానికి పరుగెత్తాడు. ఉద్యమం మైకు ఆపినవాణ్ణి ఊరు ఊరికే వదులుతుందా? తప్పు చదివి ఆపితే? తడిచేతులతో కాగితం పట్టుకుని ఒక్కొక్క గీతా పోల్చాడు. గ. సు. సందేహం లేదు. తల ఎత్తేసరికి, ఎందుకో, బావి గడ్డన పడుకోబెట్టిన తండ్రి ముఖం కళ్ళకు కట్టింది. ఆగిపోయిన ఇంజన్, పలకని మనిషి. అరుస్తూ వెనక్కి పరుగెత్తాడు. మీట తిప్పేశాడు. మైకు మాట మధ్యలో తెగింది. గోదాము చీకటైంది.

"ఎవడ్రా బంద్ జేసింది?"

"నేనే పటేలా. అందర్ని బయటికి తియ్యాలె. షట్టరెత్తుండ్రి!"

"ఏం పుట్టిందిరా నీకు? ఎవ్వలు నేర్పిన్రు? అవతలోల్ల మనిషివైతివా?" భూపాల్ గొంతు చించుకున్నాడు. ఎవరో హీరాలాల్ చొక్కా పట్టుకున్నారు.

"గ్యాసు పటేలా. లోపట నడపద్దని దాని మీద రాసింది."

"ఏడ రాసింది? సదువు, ఇందాం!"

ఎవరో సెల్‌ఫోను దీపం వేశారు. అందరి కళ్ళూ ఆయన మీదే. పంతులు ముందు పలక పట్టుకుని నిలబడ్డట్టే ఉంది. "గా... సు" అన్నాడు.

"ఎనుక?"

"ఎనుకది నాకు రాదు."

ఒకడు ఫక్కున నవ్వాడు. ఇంకొకడు జనరేటర్ తాడు పట్టుకోబోయాడు. హీరాలాల్ వాడిని తోసేసి, వంగి, ఇంజన్‌కు నిప్పురవ్వనిచ్చే, కాలుతున్న ప్లగ్గు మీది క్యాపును ఉత్త చేత్తో తిప్పి పీకాడు. అరచెయ్యి చుర్రుమంది. ఈసారి చెయ్యి ముడుచుకోలేదు. క్యాపును షట్టరు సందులోంచి బయట పారే వాననీళ్ళలోకి విసిరాడు. వీపు మీద గుద్దు పడింది. అప్పుడే సాలమ్మ కేక పెట్టింది. నిలబెట్టబోతే భాగ్య బట్టల మూటలా జారి కింద పడింది, కళ్ళు తేలేసింది. యాదమ్మ అసలు కదలడం లేదు.

షట్టరు లేచింది. కొట్టినవాళ్ళే ఆడవాళ్ళను ఎత్తుకుని వానలోకి పరుగెత్తారు.

తొమ్మిది మంది చల్లగాలికి గంటలో తేరుకున్నారు. భాగ్యనూ యాదమ్మనూ ఆటోలో మహబూబాబాద్ దవాఖానకు చేర్చి ముక్కుకు గొట్టాలు పెట్టారు. భాగ్య చీకటి పడేవేళకు "బా" అంది. యాదమ్మ మర్నాటికి గానీ మనిషి కాలేదు. మూసిన చోట ఇంజన్ నడిస్తే ఒక విషవాయువు పుడుతుందని, దానికి రంగూ వాసనా ఉండవని డాక్టరు చెప్పాడు. "నిద్ర పోయినట్టే పోతరు. ముఖం గూడ ఎర్రగనే ఉంటది, సచ్చినట్టు కనబడదు" అన్నాడు.

హీరాలాల్ గోడ పట్టుకున్నాడు. "బావిల నడిపితె గూడనా సారూ?"

"బావిల ఇంక జల్ది. ఆ గ్యాసు ఎటు పోవాలె?"

ఆయన అక్కడే నేల మీద కూలబడి ఏడ్చాడు. కూతురు బతికినందుకు అనుకుని అందరూ ఓదార్చారు. వరండాలో ఎవరి మొహమూ చూడకుండా నిలబడ్డ భూపాల్ "హీరా, నాకు గూడ తల తిరిగిందిరా" అని మాత్రం అన్నాడు. పేపర్లో ఆకలికి సొమ్మసిల్లిన దీక్షాపరులని వార్త వచ్చింది. సమ్మె అయిపోయాక భాగ్య నెట్ సెంటర్‌లో ఆ రాత అంతా వెతికింది. ఇంటి లోపల వాడకండి, పొగ గ్యాసు వల్ల విషమెక్కుతుంది అని ఉంది. బొట్లు పెట్టి దండం పెట్టుకున్న ఆ రెండు పెద్ద అక్షరాలు కంపెనీ పేరు కాదు. ప్రమాదం అని.

భాగ్యను ఇంటికి తెచ్చిన రోజునే హీరాలాల్ తల్లి దగ్గర కూర్చుని డాక్టరు మాట మొత్తం చెప్పాడు. సుక్కికి అరవై అయిదు దాటాయి. చెప్పిందంతా విని కొడుకు మొహంలోకి చూసింది.

"నేను రొట్టె తేకపోయినా సచ్చేటోడా?"

"సచ్చేటోడే యాడీ. ఇంజన్ పొగ అది. నీ ముట్టు గాదు, దేవత గాదు."

"నీకెవ్వలు జెప్పిన్రు?"

"రాసి ఉంది యాడీ."

ఆమె కొడుకు భుజం పట్టుకుని లేచింది. తండా వెనక దారి పట్టింది. కాలిన అరచెయ్యి గుడ్డతో కట్టుకుని ఆయన వెనకే నడిచాడు, ఆమె పడిపోతుందేమోనని ఒక భయం, తనూ ఇన్నేళ్ళుగా అటు పోలేదని ఇంకో భయం. బావి గడ్డ పది అడుగులుందనగా సుక్కి ఆగింది. కాలు ఎత్తబోయింది. లేవలేదు. మళ్ళీ ఎత్తబోయింది. అక్కడే గడ్డిలో కూర్చుండిపోయింది.

"మరి ఇన్నేండ్లు నేను ఎవ్వలకు భయపడ్డరా?" అంది.

హీరాలాల్ వెళ్ళి ఆమె పక్కన కూర్చున్నాడు.